ఫ్రాన్స్ పల్లెల్లో కార్ల బెడద లేని సైకిల్ దారులు: ఎవరికి ఏది సరిపోతుంది?

ఫ్రాన్స్‌లో నాలుగైదు రోజులు సైకిల్ మీద తిరగాలని ఉంది, ఏ రూట్ మంచిది అని అడిగేవాళ్లు చాలామంది లువార్ నది పేరు ముందే అనుకుని వస్తారు. కోటల ఫొటోలు చూసి ఉంటారు కాబట్టి అది సహజమే. లువార్ నిజంగానే అందమైన దారి. కానీ "పిల్లలు ఉన్నారు, ఇండియాలో రోడ్డు మీద సైకిల్ తొక్కి ఏళ్లయింది, పక్కన కార్లు పోతుంటే టెన్షన్" అనేవాళ్లకు నేను లువార్ చెప్పను. గారోన్ కాలువ గట్టు చెబుతాను. ఎందుకో వివరంగా చెప్పాలంటే ముందు అక్కడి దారుల రకాలు తెలియాలి.

ఫ్రాన్స్‌లో సైకిల్ దారుల గురించి చదివితే రెండు మాటలు పదేపదే కనిపిస్తాయి: వ్వా వేర్త్, వెలోరూట్. వ్వా వేర్త్ అంటే మోటారు బండ్లు రాని దారి. నడిచేవాళ్లు, సైకిళ్లు, స్కేటింగ్ చేసేవాళ్లు, కొన్నిచోట్ల గుర్రాలు మాత్రమే వెళ్తాయి. 2004 నుంచి అక్కడి రోడ్డు నియమావళిలోనే దీనికి ప్రత్యేక స్థానం ఉంది. వెలోరూట్ అలా కాదు. అది దూర ప్రయాణం కోసం మొదటి నుంచి చివరి దాకా గుర్తులు పెట్టిన రూట్. అందులో కొంత వ్వా వేర్త్ ఉంటుంది, కొంత పల్లె రోడ్డు, కొంత ఊళ్లో వీధి. పల్లె రోడ్లు చాలావరకు ఖాళీగానే ఉంటాయి, నిజమే. కానీ ఊరు దాటిన మామూలు రోడ్డు మీద కార్లకు వేగ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు, కొన్ని జిల్లాల్లో 90. సైకిల్‌ను దాటేటప్పుడు ఊరి బయట మీటరున్నర ఎడం వదలాలని చట్టం చెబుతుంది, చాలామంది వదులుతారు కూడా. అయినా పదేళ్ల పాపను ముందు పెట్టుకుని తొక్కే తల్లికి గంటకు ఒక్క కారు అలా దూసుకెళ్లినా చాలు, రోజంతా మనసు అక్కడే ఉంటుంది. అందుకే ఏ రూట్ గురించి చదివినా మొత్తం ఎన్ని కిలోమీటర్లు అనే దానికంటే అందులో వ్వా వేర్త్ ఎంత అన్నది ముందు చూడండి.

వ్వా వేర్త్‌లలో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి, పట్టాలు తీసేసిన పాత రైలు మార్గాలు. రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు కాబట్టి ఈ దారుల్లో ఎక్కుడు మెల్లగా, మోకాళ్లకు తెలియకుండా ఉంటుంది. ఎక్కువచోట్ల తారు వేశారు. రెండోది, ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగుతూ నడిచిన కాలువ గట్లు. ఇవి పూర్తిగా చదును. లాకుల దగ్గర మాత్రం రెండు మూడు మీటర్లు ఎత్తు మారుతుంది. కానీ గట్టు మీద ఏం పరిచారన్నది ఒక్కో కాలువకు ఒక్కో రకం: కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల దిమ్మిస చేసిన ఇసుక, ఇంకొన్నిచోట్ల చెట్ల వేర్లు తేలిన ఒట్టి మట్టి. యాత్ర హాయిగా సాగుతుందా, నడుం విరుగుతుందా అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

లువార్ నది వెంట

లువార్ సైకిల్ రూట్ నెవేర్ పక్కనున్న క్యుఫీ అనే చిన్న ఊరి నుంచి అట్లాంటిక్ ఒడ్డున సాం బ్రెవాం దాకా సుమారు 900 కిలోమీటర్లు. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా యూరప్‌ను అడ్డంగా దాటే యూరోవెలో 6లో ఇది భాగం. స్యుల్లీ నుంచి షలోన్-స్యుర్-లువార్ దాకా ఉన్న లోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బ్లువా, షాంబోర్, అంబువాజ్, విలాండ్రీ తోటలు, సోమ్యూర్... ఒక్కో రోజుకు ఒక్కో కోట పెట్టుకోవచ్చు.

సౌకర్యాల విషయంలో దీనికి సాటి లేదు. సైకిల్ ఒక ఊళ్లో అద్దెకు తీసుకుని ఇంకో ఊళ్లో వదిలేసే ఏర్పాటు ఉంది. బ్యాగులను తర్వాతి మజిలీకి వ్యానులో చేరవేసేవాళ్లు ఉన్నారు. "అక్కెయ్ వెలో" అనే గుర్తు ఉన్న హోటళ్లు, గెస్ట్‌హౌస్‌లు, క్యాంపింగ్ స్థలాలు దారి పొడవునా కనిపిస్తాయి. ఆ గుర్తు ఉంటే సైకిల్ భద్రంగా పెట్టడానికి చోటు, చిన్న రిపేర్లకు పనిముట్లు ఉంటాయని నమ్మకంగా వెళ్లొచ్చు. దూర ప్రయాణ రూట్‌కు 5 కిలోమీటర్లలోపు ఉంటేనే ఆ గుర్తు ఇస్తారు. దేశంలో మిగతా రూట్ల మీద కూడా ఇది పనిచేస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఇక కార్ల సంగతి. ఇది వెలోరూట్, పూర్తి వ్వా వేర్త్ కాదు. నది పక్కన కార్లు రాని ముక్కలు చాలా ఉన్నాయి. వాటి మధ్య కరకట్ట మీద రోడ్లు, ద్రాక్షతోటల మధ్య చిన్న రోడ్లు వస్తాయి. ముఖ్యంగా కోటల దగ్గర, వేసవి సెలవుల్లో, కార్లు తప్పవు. కాస్త అలవాటున్న పెద్దవాళ్లకు ఇది సమస్యే కాదు. ఇద్దరు స్నేహితులో, భార్యాభర్తలో వెళ్తూ రోజులో సగం కోటలకు, సగం సైకిల్‌కు కేటాయించేట్టయితే లువారే బెస్ట్. మొత్తం 900 తొక్కాల్సిన పని లేదు. బ్లువా నుంచి తూర్ మీదుగా సోమ్యూర్ దాకా వెళ్తే చాలు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి సముద్రం వైపు నుంచి లోపలికి తొక్కడం సుఖం. అంటే సోమ్యూర్‌లో మొదలుపెట్టి బ్లువాలో ముగించండి.

గారోన్ కాలువ: మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు

తులూజ్ నుంచి వాయవ్యంగా కాస్తే-ఆన్-దోర్త్ దాకా 193 కిలోమీటర్లు సాగే ఈ కాలువ 1856లో పూర్తయింది. దీని పక్క గట్టు దాదాపు అంతా తారు వేసిన వ్వా వేర్త్. 28 మిల్లీమీటర్ల టైరు ఉన్న మామూలు సైకిల్ చాలు, లావుపాటి టైర్లు అక్కర్లేదు. చాలా దూరం రెండు పక్కలా ప్లేన్ చెట్లు (చినార్ జాతివి) నీడనిస్తాయి. కోనసీమలో కాలువ గట్టు వెంట సైకిల్ మీద బడికి వెళ్లినవాళ్లకు ఈ దారి కొత్తగా అనిపించదు: ఒక పక్క నిలకడగా నీళ్లు, ఇంకో పక్క పొలాలు, నాలుగు కిలోమీటర్లకు ఒక లాకు, లాకు పక్కన పాతకాలపు చిన్న ఇల్లు.

దారిలో చూడాల్సినవి తక్కువేం కాదు. అజాన్ పట్టణం దగ్గర కాలువ గారోన్ నదిని పైనుంచి దాటుతుంది. 23 కమానుల మీద 539 మీటర్ల పొడవున్న రాతి వంతెన అది. దాని మీద రోడ్డు బదులు నీళ్లు పోతాయి. మీరు ఆ నీటి పక్కనే సన్నని బాట మీద వెళ్తూ, కింద ఇంకో నది పారుతుంటే చూస్తారు. పక్కన పడవ కూడా వస్తుంటే మీ భుజం ఎత్తులో, మీ వేగంతోనే, గాల్లో తేలుతున్నట్టు వస్తుంది. ఇక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్లండి. బాట ఇరుకు, ఎదురుగా వచ్చేవాళ్లు ఉంటారు, చూడటానికి కూడా అదే మేలు.

మ్వాసాక్‌లో 12వ శతాబ్దపు మఠ ద్వారం మీద శిల్పాలు ఉన్నాయి. ఊరి చుట్టూ షసలా ద్రాక్ష పండుతుంది, సెప్టెంబరులో వెళ్తే దారి పక్కన రైతుల దగ్గరే కొనుక్కోవచ్చు. ల మా దజనే అనే చిన్న ఊరి చర్చిలో రెంబ్రాంట్ 1631లో గీసిన క్రీస్తు శిలువ చిత్రం ఉంది. పెద్ద మ్యూజియంలో గుంపుల వెనక నిలబడి చూసే స్థాయి చిత్రాన్ని గట్టు దిగి రెండు వీధులు ఎక్కి చూడొచ్చు. నాకు ఈ రూట్ మీద ఇంత ప్రేమ ఉండటానికి ఇలాంటివే కారణం.

అన్నిటికంటే పెద్ద భరోసా రైలు. బోర్డో నుంచి తులూజ్ వెళ్లే రైలు మార్గం కాలువ వెంటే నడుస్తుంది. లా రెయోల్, మార్మాండ్, అజాన్, మ్వాసాక్ అన్నిటికీ స్టేషన్లు ఉన్నాయి. పాపకు జ్వరం వచ్చినా, వాన వదలకపోయినా, మోకాలు పట్టేసినా పక్క స్టేషన్‌కు వెళ్లి ప్రాంతీయ రైలు ఎక్కితే సరి. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున పెట్టుకుంటే అయిదారు రోజుల్లో తీరిగ్గా అయిపోతుంది.

ఓపిక ఉంటే కాలువ చివర్లో ఆపకుండా బోర్డో దాకా వెళ్లొచ్చు. మధ్యలో కొంచెం చిన్న రోడ్ల మీద ఎక్కుడు దిగుడు ఉంటుంది. సోవ్‌తేర్ చేరాక మళ్లీ పాత రైలు మార్గం దొరుకుతుంది. 1937లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన రోజే లపెబీ పేరు పెట్టిన ఆ వ్వా వేర్త్ ద్రాక్షతోటల మధ్య నుంచి, ఒక పాత సొరంగం గుండా, బోర్డో శివారు దాకా తీసుకెళ్తుంది.

ఈ రూట్‌లో లోపం ఒకటే: తిన్నగా ఉంటుంది. కొన్నిచోట్ల కిలోమీటర్ల తరబడి మలుపే రాదు. వేగంగా తొక్కాలనుకునేవాళ్లకు, కొండలు కావాలనేవాళ్లకు రెండో రోజుకే విసుగు పుడుతుంది. వాళ్లు కింద చెప్పే బర్గండీ చూడటం మంచిది.

మిదీ కాలువ: పేరు గొప్ప, గట్టు గరుకు

తులూజ్‌కు అటు పక్క మొదలయ్యేది దీనికంటే ఎంతో ప్రసిద్ధమైన కెనాల్ దు మిదీ. పియేర్-పోల్ రికే ఆలోచనతో 1666లో పని మొదలై 1681లో తెరిచిన 240 కిలోమీటర్ల కాలువ. 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. నోరూజ్ దగ్గర సముద్ర మట్టానికి 189 మీటర్ల ఎత్తున దీని శిఖరం. కొండల నుంచి తెచ్చిన నీళ్లు అక్కడ రెండుగా చీలి ఒకటి అట్లాంటిక్ వైపు, ఒకటి మధ్యధరా వైపు పోతాయి. ఆ రోజుల్లో ఈ ఊహ చేయడమే ఒక సాహసం. ఆ చోట నిలబడి చూడటానికైనా వెళ్లాలి.

కానీ తులూజ్ నుంచి నోరూజ్ దాకా, అంటే తొలి 50 కిలోమీటర్లే నున్నటి తారు. ఆ తర్వాత కంకర, కార్కసోన్ దాటాక కొన్నిచోట్ల ఒక్క సైకిల్ పట్టే మట్టి బాట. నేల మీద వేళ్లంత లావు నుంచి చెయ్యంత లావు దాకా వేర్లు అడ్డంగా పాకి ఉంటాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క గట్టు వాలు, వెనక చక్రానికి రెండు బ్యాగులు. అలాంటి చోట గంటకు 8, 10 కిలోమీటర్లకు మించి వెళ్లడం కష్టం. వాన పడితే జారుతుంది. బాగు చేస్తూనే ఉన్నారు, ఏటా కొన్ని ముక్కలు మెరుగవుతున్నాయి. అయినా 40 మిల్లీమీటర్ల టైర్లు లేకుండా, చిన్నపిల్లల ట్రాలీ తగిలించుకుని అటు వెళ్లొద్దు.

నీడ సంగతి కూడా చెప్పాలి. ఈ కాలువ ఫొటోల్లో కనిపించే ప్లేన్ చెట్లకు ఒక శిలీంధ్రం వల్ల తెగులు సోకింది. 2006లో కాలువ పక్కన దాన్ని గుర్తించారు. మందు లేదు కాబట్టి వేల చెట్లు కొట్టేశారు. వాటి స్థానంలో వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు, అవి నీడనిచ్చే వయసుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. జూలై మధ్యాహ్నం ఆ బోడి గట్ల మీద ఎండ మన ఎండలకు తీసిపోదు.

అందుకే నా సలహా: మిదీ చూడాలని మనసుంటే తులూజ్ నుంచి నోరూజ్ దాకా సైకిల్ మీద వెళ్లి, దగ్గర్లోని కాస్తెల్‌నోదారీ స్టేషన్‌లో రైలెక్కి కార్కసోన్ కోట, బెజియే దగ్గర మెట్లలా దిగే ఫోన్‌సెరాన్ లాకులు రైలు మీద వెళ్లి చూడండి. మొత్తం తొక్కి తీరాలనుకునే గట్టివాళ్లు తులూజ్ నుంచి సముద్రం వైపు వెళ్లడం మేలు. సేర్స్ అనే పడమటి గాలి వీచిందంటే వెనక నుంచి తోస్తుంది. ఒతాన్ అనే ఆగ్నేయపు గాలి వీచిందంటే మాత్రం ఎదురు నిలుస్తుంది. ఆ రోజు దూరం తగ్గించుకోవాలి.

బర్గండీ: రెండు మూడు రోజులే ఉన్నవాళ్లకు

పారిస్‌లోనో లియోన్‌లోనో ఉంటూ శని ఆదివారాలకు ఒక రోజు సెలవు కలుపుకునేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. షలోన్-స్యుర్-సోన్ పక్కనున్న జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల ఈ దారి ఫ్రాన్స్‌లో మొట్టమొదటి వ్వా వేర్త్. 1997లో పాత రైలు మార్గం మీద వేశారు. నున్నటి తారు, అటూ ఇటూ ద్రాక్షతోటలు, తెల్ల ఆవులు మేసే పచ్చిక కొండలు. పాత స్టేషన్ భవనాలు చాలావరకు అలాగే నిలిచి ఉన్నాయి. 910లో స్థాపించిన క్లూనీ మఠంలోని చర్చి, రోమ్‌లో ఇప్పటి సెయింట్ పీటర్స్ కట్టేవరకు క్రైస్తవ ప్రపంచంలో అతి పెద్దది. విప్లవం తర్వాత దాన్ని రాళ్ల కోసం పడగొట్టారు. మిగిలిన ఒక్క పక్క భాగాన్ని చూసి మొత్తం ఎంత ఉండేదో ఊహించుకోవాలి.

క్లూనీ నుంచి దక్షిణంగా మాకోన్ వైపు వెళ్తే బువా క్లేర్ సొరంగం వస్తుంది. పొడవు 1.6 కిలోమీటర్లు. మండు వేసవిలో కూడా లోపల చల్లగా ఉంటుంది, పల్చటి జాకెట్ వేసుకోండి. గబ్బిలాల కోసం చలికాలంలో మూసేస్తారు, అప్పుడు కొండ మీది దారిలో వెళ్లాలి. షలోన్, మాకోన్ రెండింటికీ పారిస్-లియోన్ రైలు మార్గం మీద స్టేషన్లు ఉన్నాయి. షలోన్‌లో దిగి, క్లూనీ మీదుగా మాకోన్ చేరి, సోన్ నది ఒడ్డున తుర్న్యూ మీదుగా తిరిగి షలోన్ వచ్చేస్తే చక్కటి వలయం అవుతుంది.

బ్రిటనీ, మయెన్: వాన ఓర్చుకునేవాళ్లకు

నాంత్-బ్రెస్ట్ కాలువ 364 కిలోమీటర్లు. ఇంగ్లిష్ నౌకాదళం బ్రెస్ట్ రేవును దిగ్బంధిస్తుంటే సరుకులు లోపలి నుంచి చేరాలని నెపోలియన్ కాలంలో తలపెట్టారు. ఇప్పుడు గట్టు దాదాపు అంతా సైకిళ్లది. జోస్లాన్ దగ్గర కాలువ నీళ్లలోకే గోడలు దిగినట్టుండే కోట, మాలెత్రువా లాంటి పాత ఊళ్లు, చాలా ప్రశాంతత. తారు తక్కువ, దిమ్మిస చేసిన ఇసుక ఎక్కువ. వాన పడితే అది తడిసి చక్రాలకు పట్టుకుంటుంది. రెడోన్ దాటాక మధ్య భాగంలో రైలు ఆసరా కూడా తక్కువే. అందుకే మొదటి యాత్రకు కాదు, రెండోదానికి.

అదే వాతావరణం చిన్న మోతాదులో కావాలంటే మయెన్ నది గట్టు ఉంది. మయెన్ పట్టణం నుంచి లవాల్, షాతో-గోంతియే మీదుగా 80 కిలోమీటర్ల పైన కార్లు రాని బాట. నది కాబట్టి కాలువలా తిన్నగా ఉండదు, మెలికలు తిరుగుతుంది. ప్రసిద్ధి లేకపోవడం వల్ల రద్దీ తక్కువ.

తిండి, నీళ్లు, రైలు

శాకాహారులు పల్లెల్లో ఇబ్బంది పడతారు, దీనికి సిద్ధమై వెళ్లండి. హోటళ్లలో మధ్యాహ్న భోజనం 12 నుంచి 2 దాకానే. రెండున్నరకు వెళ్తే వంటగది మూసేసి ఉంటుంది. బేకరీలకు వారంలో ఒక రోజు సెలవు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత చాలా షాపులు తెరవవు. కాస్తెల్‌నోదారీ ప్రసిద్ధ వంటకం కసూలే పేరుకు చిక్కుడు గింజలదే కానీ అందులో బాతు, పంది మాంసం ఉంటాయి. లువార్ వైపు మేకపాల చీజ్‌లు చాలా బాగుంటాయి. అయితే సంప్రదాయ చీజ్‌లలో ఎక్కువగా దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, నియమం గట్టిగా పాటించేవాళ్లు అడిగి తీసుకోండి. బ్రిటనీలో నల్ల గోధుమ (బక్‌వీట్) పిండితో దోసెలా వేసే గాలెట్ చీజ్‌తో, పుట్టగొడుగులతో దొరుకుతుంది, అదే అక్కడ మన ప్రాణదాత. ఊరి పురపాలక క్యాంపింగ్ స్థలాలు చవక. చిన్న స్టవ్, బియ్యం, కందిపొడి పెట్టుకుంటే రాత్రి భోజనం బెంగ ఉండదు.

నీళ్లకు ఒక చిట్కా. ఊళ్లో కుళాయి కనిపించకపోతే శ్మశానానికి వెళ్లండి. పూలకుండీలకు పోయడానికి దాదాపు ప్రతి శ్మశానంలో కుళాయి ఉంటుంది. ఫ్రెంచి సైకిల్ యాత్రికులు ఏళ్లుగా చేసే పని ఇది, ఎవరూ తప్పుగా చూడరు. "ఓ నాన్ పొతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం ఆ నీళ్లు తాగేవి కావు.

వ్వా వేర్త్ రోడ్డును దాటే ప్రతిచోటా కార్లు లోపలికి రాకుండా ఇనుప గేట్లో, కర్ర అడ్డాలో ఉంటాయి. రెండు వైపులా నిండు బ్యాగులు ఉన్న సైకిల్‌ను, ట్రాలీని వాటి మధ్య నుంచి వంచి తీయాల్సి రావచ్చు. సామాను తక్కువైతే ఆ బాధ తక్కువ. 12 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి, వెనక సీట్లో కూర్చున్నా సరే. చీకట్లో ఊరి బయట తొక్కితే మెరిసే జాకెట్ వేసుకోవాలి.

రైళ్లలో సైకిల్ విషయం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లలో చాలావరకు ఉచితం, కానీ వేసవిలో కొన్ని ప్రాంతాలు ముందే బుక్ చేసుకోమంటాయి. హైస్పీడ్ టీజీవీలలో అన్నిటిలో విడి సైకిల్‌కు చోటు ఉండదు. చోటున్న రైలు చూసి, సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి, లేదా సైకిల్‌ను విప్పి సంచిలో పెట్టాలి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు సొంత సైకిల్ తెచ్చుకోవడం కంటే తులూజ్‌లోనో తూర్‌లోనో అద్దెకు తీసుకోవడం అన్ని విధాలా నయం.

నెల విషయానికి వస్తే జూన్ మొదటి సగం, సెప్టెంబరు అన్ని రూట్లకూ మంచివి. దక్షిణాదిన జూలై, ఆగస్టు వద్దు. మే నెల వాతావరణం బాగుంటుంది కానీ 1, 8 తేదీల సెలవులకు తోడు అసెన్షన్ అనే క్రైస్తవ పండుగ గురువారం కూడా ఎక్కువగా ఆ నెలలోనే వస్తుంది. చాలామంది శుక్రవారం కూడా కలిపి నాలుగు రోజులు ఊళ్లకు బయల్దేరతారు. ఆ వారాంతాల్లో లువార్ వైపు గదులు, రైళ్లలో సైకిల్ చోట్లు ముందే నిండిపోతాయి. మేలోనే వెళ్లాలంటే ఆ తేదీలు క్యాలెండర్‌లో చూసుకుని, మొదటి రాత్రి గది, చివరి రోజు రైలు ఈ రెండూ ముందే ఖాయం చేసుకోండి. మధ్య రాత్రులకు క్యాంపింగ్ స్థలాల్లో టెంట్‌తో వచ్చే సైకిల్ యాత్రికులకు చాలాసార్లు అప్పటికప్పుడు చోటు దొరుకుతుంది.